మ్యూజిక్ మాస్టర్స్ అయింది, ఓపీటీ ఇంకా 7 నెలలే ఉంది. ఫిడేలుతో అమెరికాలో నిలబడొచ్చా?

ఫిడేలు_విజయనగరం

అందరికీ నమస్కారం. చాన్నాళ్లుగా ఇక్కడ చదువుతున్నాను కానీ రాయడం ఇదే మొదటిసారి. కాస్త పెద్దదైతే ఏమీ అనుకోకండి.

మాది విజయనగరం. ఏడో ఏట ఫిడేలు పట్టుకున్నాను, మహారాజా సంగీత కళాశాలలో డిప్లొమా చేశాను, డిగ్రీ అయ్యాక బోస్టన్ వచ్చి మొన్న మేలో మ్యూజిక్‌లో మాస్టర్స్ పూర్తి చేశాను. జూలైలో ఓపీటీ (చదువయ్యాక ఇక్కడ పని చేసుకోవడానికి ఇచ్చే అనుమతి) మొదలైంది. నా కోర్సు స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజనీరింగ్, లెక్కలు) కిందకి రాదు కాబట్టి నాకున్నది 12 నెలలే, అందులో 5 అయిపోయాయి. 11 మంది పిల్లలకి పాఠాలు చెబుతున్నాను, కూచిపూడి, భరతనాట్యం అరంగేట్రాలకి వాయిస్తున్నాను, నెలకి రెండుసార్లు ఒక జాజ్ గ్రూపుతో కూర్చుంటున్నాను. అద్దె, తిండి గడిచిపోతున్నాయి. ఇంటికి మాత్రం ఇంతవరకూ ఒక్క డాలర్ పంపలేదు, లోన్ మీద వడ్డీ నాన్నే కడుతున్నారు.

పోయిన వారం రాత్రి రెండింటికి టప్ మని చప్పుడు వినిపించి లేచాను. గోడ మీద నుంచి ఏదో పడిందనుకున్నాను. లైటు వేసి చూస్తే ఫిడేలు. గదిలో హీటరు రాత్రంతా నడుస్తుంది, గాలి బాగా పొడిబారిపోయింది, కింది భాగంలో పై పలకకి, పక్క చెక్కకి మధ్య అతుకు వేలి పొడవున ఊడిపోయి ఉంది. అది మా గురువుగారు నాకిచ్చిన ఫిడేలు, ఆయన వాయించినది. తెల్లారేదాకా ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. రిపేరు చేసే పెద్దాయన చూసి, చెక్క పగల్లేదు, జిగురే ఊడింది, ఆ జిగురు పెట్టేదే చెక్క పగలకుండా ముందు అది ఊడాలని, అని చెప్పాడు. ఊపిరి పీల్చుకున్నాను.

ఆ రోజే మామయ్య ఫోన్ చేసి, డేటా కోర్సు ఏదైనా చేసి ఉద్యోగం చూసుకో, ఫిడేలు వీకెండ్‌లో వాయించుకో అన్నారు. అప్పటినుంచి నిద్ర లేదు. ఇక్కడ సంగీతంతోనే బతుకుతున్నవాళ్లు ఉంటే నిజం చెప్పండి. ఇది జరిగే పనేనా?

ఎడిసన్_మృదంగం

తమ్ముడూ, జరిగే పనే. నేను 14 ఏళ్లుగా న్యూజెర్సీలో మృదంగం మీదే బతుకుతున్నాను, ఇద్దరు పిల్లలు, ఇంటి మీద లోన్ ఉంది. కానీ నిజం చెప్పమన్నావు కాబట్టి చెబుతున్నాను, మొదటి నాలుగేళ్లు చాలా కష్టం.

నేను మొదట డాన్స్ ట్రూపుతో పీ-3 వీసా (ప్రోగ్రాముల కోసం కళాకారులకిచ్చేది) మీద వచ్చాను, ప్రోగ్రాములవగానే తిరిగి వెళ్లిపోయాను. తర్వాత ఓ-1 మీద, అంటే ప్రతిభ ఉన్నవాళ్లకిచ్చే వీసా మీద వచ్చి ఉండిపోయాను. ఆ మొదటి చలికాలం ఇప్పటికీ గుర్తే. కారు డిక్కీలో మృదంగం పెట్టి మూడు గంటలు డ్రైవ్ చేసి వెళ్లాను, హాల్లోకి తీసుకెళ్లి విప్పితే కుడివైపు నల్ల ముద్దలో సన్నగా పగుళ్లు. వేడి గదిలో తోలు బిగిసిపోయి శ్రుతి పైకి ఎక్కి కూర్చుంది. కచేరీకి ముప్పావుగంట టైముంది. ఎడమవైపు నాదం కోసం అంటించే రవ్వ తడిపి పెడదామంటే ఆ చర్చి హాల్లో గోరువెచ్చటి నీళ్లు కూడా లేవు. అప్పటినుంచి రెండు వాద్యాలు పట్టుకెళతాను, దుప్పటి చుట్టి వెనక సీట్లోనే పెడతాను, డిక్కీలో పెట్టను. నువ్వు కూడా గదిలో తేమ 40 నుంచి 60 శాతం మధ్య ఉండేలా చూసుకో, చిన్న హ్యూమిడిఫయర్ కొను, కేసులో కూడా ఒకటి పెట్టు. రిపేరు ఖర్చుతో చూస్తే అదేమీ కాదు.

డబ్బు విషయం. ఇక్కడ పక్కవాద్యం వాళ్లకి ఆదాయం మూడు చోట్ల నుంచి వస్తుంది: పాఠాలు, అరంగేట్రాలు, కచేరీలు. ఇదే వరసలో. కచేరీలు పేరు తెస్తాయి, పాఠాలు అద్దె కడతాయి. అరంగేట్రాలు వేసవిలో ఒక్కసారిగా వచ్చి పడతాయి, అప్పుడు సంపాదించింది ఫిబ్రవరిదాకా లాక్కురావాలి. డిసెంబర్‌లో నీకు దిగులుగా ఉందంటే అందులో సగం సీజన్ వల్లే.

తబలా జాకిర్ హుస్సేన్ గారు 1970లో అమెరికా వచ్చినప్పుడు ఆయనకి ఇరవై ఏళ్లు కూడా లేవు, సియాటిల్‌లో యూనివర్సిటీలో పాఠాలు చెప్పారు. అంతటి ఆయనే పాఠాలు చెబుతూ వాయిస్తూ ఎదిగారు. అందుకని 11 మంది పిల్లలకి చెబుతున్నానని నామోషీ పడకు.

కాకినాడ_టు_ఆస్టిన్

బ్రదర్, నేను సాఫ్ట్‌వేర్‌లో ఉన్నాను, సంగీతం గురించి పెద్దగా తెలియదు. కానీ లోన్ గురించి తెలుసు. నాన్నగారు వడ్డీ కడుతున్నారన్నావు, ఆ లైను దగ్గరే ఆగిపోయాను. మా ఇంట్లో కూడా అదే జరిగింది, నాన్న పొలం తాకట్టు పెట్టారు, నాకు ఉద్యోగం రావడానికి ఏడాదిన్నర పట్టింది, ఆ ఏడాదిన్నర ఆయన ఎవరింటికీ పెళ్లికి వెళ్లలేదు. మీ మామయ్య చెప్పింది కొట్టిపారేయకు. ఇంకో మాస్టర్స్ చేసి జాబ్‌లో సెటిల్ అయ్యి, శని ఆదివారాలు కచేరీలు చేసుకో. రెండూ ఉంటాయి కదా.

కాగితాలక్క

నేను ఇమిగ్రేషన్ లాయర్ ఆఫీసులో తొమ్మిదేళ్లుగా పని చేస్తున్నాను. లాయర్ని కాను. నీ కేసు లాయర్‌కే చూపించు, కానీ పై పోస్టులో రెండు విషయాలు సరిచేయకపోతే ఈ అబ్బాయి నష్టపోతాడు.

ఒకటి. ఓపీటీ ఒక్కో చదువు స్థాయికి ఒక్కసారే. మాస్టర్స్ మీద 12 నెలలు వాడుకున్నాక ఇంకో మాస్టర్స్ చేస్తే మళ్లీ ఓపీటీ రాదు. ఆ ఫీజు కట్టి, రెండేళ్లు చదివి, చివర్లో చేతిలో ఓపీటీ లేకుండా నిలబడ్డవాళ్లని చూశాను.

రెండు. హెచ్-1బీ (ఉద్యోగ వీసా) మీద ఉంటే ఆ పిటిషన్ వేసిన కంపెనీలో మాత్రమే పని చేయాలి. శనివారం అరంగేట్రానికి వాయించి చెక్ తీసుకుంటే అది అనుమతి లేని పని. గుళ్లో ఉచితంగా వాయించుకోవచ్చు, డబ్బు తీసుకోవడం కుదరదు. అందరూ తేలిగ్గా అనేస్తారు, జాబ్ చేస్తూ కచేరీలు చేసుకో అని. గ్రీన్‌కార్డో, దాని దారిలో వర్క్ పర్మిటో వచ్చేదాకా ఆ కచేరీలకి డబ్బు తీసుకోలేవు. మనవాళ్లకి గ్రీన్‌కార్డు ఎన్నేళ్లకి వస్తుందో ఇక్కడ అందరికీ తెలుసు.

బాబూ, నిన్ను ఒకటి అడగాలి. ఓపీటీకి ముందు, చదువుకునే రోజుల్లో, క్యాంపస్ బయట ఎక్కడైనా వాయించి డబ్బు తీసుకున్నావా? త్యాగరాజ ఆరాధనలో వాయించడం అయిపోగానే ఒక పెద్దాయన ప్రేమగా తాంబూలంలో కవరు పెట్టి ఇస్తారు చూడు, అలాంటిది. జవాబు ఇక్కడ రాయకు. లాయర్‌కి మాత్రం దాచకుండా చెప్పు.

ఇప్పుడు ఓపీటీలో చేయాల్సింది: వారానికి కనీసం 20 గంటలు నీ చదువుకి సంబంధించిన పని ఉండాలి, ఖాళీగా ఉన్న రోజులు మొత్తం కలిపి 90 దాటకూడదు. సంగీతకారులు వేరువేరు చోట్ల చిన్న చిన్న ప్రోగ్రాములు చేయొచ్చు, కానీ ప్రతిదానికీ తేదీ, ఎంతసేపు, ఎవరు పిలిచారు అని జాబితా ఉంచుకోవాలి. ఈ రోజే ఒక నోట్‌బుక్ తెరిచి జూలై నుంచి గుర్తున్నవన్నీ రాయి.

ఫిడేలు_విజయనగరం

అక్కా, చాలా థాంక్స్. రెండో మాస్టర్స్ సంగతి నాకు నిజంగా తెలియదు, జనవరి అడ్మిషన్‌కి అప్లికేషన్ సగం నింపి పెట్టుకున్నాను. జాబితా కూడా సరిగ్గా లేదు, ఫోన్ క్యాలెండర్‌లో సగం, వాట్సాప్‌లో సగం ఉంది. ఈ రాత్రికి కూర్చుని రాస్తాను.

ఓ-1 గురించి చదివితే "అసాధారణ ప్రతిభ" అని ఉంది. నాకు 24 ఏళ్లు. అవార్డులు అంటే ఆకాశవాణి పోటీల్లో ఒక బహుమతి, అంతే. నాలాంటివాడు అసలు అడగొచ్చా?

కాగితాలక్క

అడగొచ్చు. పేరు చూసి చాలామంది భయపడి ఆగిపోతారు. కళాకారులకి ఓ-1లో పెద్ద జాతీయ, అంతర్జాతీయ అవార్డు ఏదీ లేకపోతే ఆరు రకాల ఆధారాల్లో మూడు చూపించాలి. పేరున్న ప్రోగ్రాముల్లో ముఖ్య పాత్ర, పత్రికల్లో సమీక్షలు లేదా నీ గురించి రాసినవి, పేరున్న సంస్థలకి కీలకంగా పని చేయడం, నిపుణులు, సంస్థలు ఇచ్చిన గుర్తింపు, ప్రోగ్రాములు విజయవంతమైన దాఖలాలు, తోటివాళ్ల కన్నా ఎక్కువ పారితోషికం. నీ వయసుకి మొదటి నాలుగింటి మీద దృష్టి పెట్టు.

పిటిషన్ నీ అంతట నువ్వు వేసుకోలేవు, అమెరికాలో ఒక సంస్థో ఏజెంటో వేయాలి. ఫిడేలు వాళ్లకి ఏజెంటే నయం, ఎందుకంటే పది చోట్ల వాయించాలి కదా. ఏజెంటు వేసిన పిటిషన్ ఉంటే తర్వాత అలాంటివే కొత్త కచేరీలు కలిసినా ప్రతిసారీ మళ్లీ వేయక్కర్లేదు. మ్యూజిషియన్ల యూనియన్ నుంచి అభిప్రాయం లెటర్ కావాలి. మొదటిసారి మూడేళ్ల వరకూ ఇస్తారు. పాఠాలు కూడా చెప్పాలనుకుంటే అది పిటిషన్‌లో రాయించు, రాయనిది చేయకూడదు.

ఇప్పుడు అసలు చిక్కు. నువ్వు పక్కవాద్యం. పోస్టర్ మీద గాయని ఫోటో ఇంత పెద్దది, నీ పేరు కింద చిన్నక్షరాల్లో, ఒక్కోసారి అదీ ఉండదు. నీ వెనకాల ఎంత సాధన ఉందో ఫైలు చూసే ఆఫీసర్‌కి ఎలా తెలుస్తుంది? ఆయనకి రాగం ఆలాపన అయ్యాక ఫిడేలు ఒంటరిగా ఎంతసేపు వాయిస్తుందో తెలియదు. ఆర్కెస్ట్రాలో పదిమందిలో ఒకడు అనుకుంటాడు.

ఎడిసన్_మృదంగం

అక్క చెప్పిన ఈ ముక్క బంగారం. నా ఫైలు మొదటిసారి ఇక్కడే ఆగింది, ఇంకా ఆధారాలు పంపమని ఉత్తరం వచ్చింది. అప్పుడు నేను ఏం చేశానో చెబుతాను.

ఏ ప్రోగ్రాము అయినా ఒప్పుకునే ముందే అడుగు, పోస్టర్‌లో, బ్రోషర్‌లో నా పేరు, వాద్యం పేరు వేస్తారా అని. మొహమాటపడకు. పదిమంది కార్యకర్తలు కష్టపడి చేసే ప్రోగ్రాములు ఇవి, ఎవరికీ చెడు ఉద్దేశం ఉండదు, అడిగితే వేస్తారు, అడక్కపోతే మర్చిపోతారు. ప్రోగ్రాము అయిన వారంలోపే సంస్థ లెటర్‌హెడ్ మీద ఉత్తరం తీసుకో. ఊరికే "బాగా వాయించాడు" అని కాదు. కచేరీ రెండున్నర గంటలు, ఫలానా రాగం విస్తారంగా జరిగింది, గాయని తర్వాత ఇతను ఒక్కడే పది నిమిషాలు ఆలాపన వాయించాడు, స్వరకల్పనలో ప్రతి ఆవర్తనానికీ జవాబిచ్చాడు, ఇతను లేకపోతే ఈ కచేరీ లేదు, అని పని ఏమిటో కళ్లకు కట్టినట్టు ఉండాలి. ఆరు నెలల తర్వాత అడిగితే వాళ్లకీ గుర్తుండదు, కమిటీ కూడా మారిపోతుంది.

రెండోది, సోలో చెయ్యి. గంటంబావు చాలు. లైబ్రరీ హాలు అయినా సరే. మీ ఊరు ద్వారం వెంకటస్వామి నాయుడు గారి ఊరు, ఫిడేలుని ముందు కూర్చోబెట్టినవాడు ఆయన. విజయనగరం నుంచి వచ్చి సోలోకి జంకుతావా?

ఏప్రిల్‌లో ఈస్టర్ ప్రాంతంలో క్లీవ్‌లాండ్ త్యాగరాజ ఆరాధనకి వెళ్లు. 1978 నుంచి జరుగుతోంది. వాయించే అవకాశం ఈ ఏడాది రాకపోయినా వెళ్లు. పిల్లల పోటీలకి ఫిడేలు వాళ్లు ఎంతమంది కావాలో అక్కడ చూస్తే తెలుస్తుంది, దేశంలోని గురువులంతా ఒక్కచోట దొరుకుతారు.

డల్లాస్_తల్లి

నేను సంగీతం చెప్పించే తల్లి వైపు నుంచి రాస్తున్నాను. మా అమ్మాయికి 11, నాలుగేళ్లుగా పాట నేర్చుకుంటోంది. టీచర్ గారు చాలా గొప్పగా పాడతారు, ఆమెకి తెలుగు రాదు. పోయిన సంవత్సరం పోటీకి ఒక త్యాగరాజ కృతి తయారు చేశారు. పాప మాటని మధ్యలో విరిచి పాడుతోంది, ళ అన్నచోట ల అంటోంది, ఇంట్లో రోజూ తెలుగు మాట్లాడే పిల్ల! నేను సరిచేస్తే "టీచర్ ఇలాగే చెప్పారమ్మా" అంది. టీచర్ గారిని తప్పు పట్టట్లేదు, వాళ్ల గురువులు అలాగే ఇచ్చారు.

ఆ కృతికి అర్థం చెప్పమని ఆన్‌లైన్‌లో మా ఊరి మాస్టారిని పట్టుకున్నాం. ఆయన ఒక్క మాట దగ్గర ఇరవై నిమిషాలు ఆగారు. ఆ తర్వాత పాప అదే పాట పాడితే వంటగదిలో పొయ్యి కట్టేసి వచ్చి విన్నాను.

బాబూ, నీ దగ్గర ఉన్నది అదే. ఫిడేలు నేర్పేవాళ్లు చాలామంది ఉన్నారు. సాహిత్యం తెలిసి, మాట ఎక్కడ ఆగుతుందో కమానుతో చూపించగలిగేవాళ్లు ఎంతమంది? దాన్ని నీ పరిచయంలో మొదటి వాక్యంగా రాసుకో. మా దగ్గర ఆరుగురు పిల్లలున్నారు, ఆన్‌లైన్‌లో శనివారాలు చెబుతావా? ఫీజు ఎంతో చెప్పు, తగ్గించి చెప్పకు.

రాజమండ్రి_మాస్టారు

బాబూ, నేను 31 ఏళ్లు సంగీతం చెప్పి రిటైరయ్యాను. అందరూ మంచి మాటలే చెప్పారు. నేను చెప్పేది కొంచెం చేదుగా ఉంటుంది.

కడుపు చేత పట్టుకుని దూరం పోవడం మన సంగీతంలో కొత్త కాదు. షేక్ చినమౌలానా గారి ఊరు కరవది, నాదస్వరం కోసం తంజావూరు బాణీ పట్టి శ్రీరంగంలో స్థిరపడ్డారు. పాలకొల్లు మాండలిన్ శ్రీనివాస్ 1983లో బెర్లిన్ జాజ్ ఫెస్టివల్‌లో వాయించేనాటికి పద్నాలుగేళ్ల పిల్లాడు. కానీ వాళ్లెవరూ దూరం పోయి సాధన వదల్లేదు. నా శిష్యులు నలుగురు విదేశాల్లో ఉన్నారు, ముగ్గురు రోజుకి ఆరు గంటలు సరళీ స్వరాలు, జంట స్వరాలు చెబుతూ పదేళ్లు గడిపేశారు. మొన్న ఒకడు వచ్చి వాయిస్తే నాకు కన్నీళ్లు వచ్చాయి, గమకం, అదే స్వరాన్ని ఊపే తీరు, పలకలేదు. వేళ్లు పిల్లల పాఠానికి అలవాటు పడిపోయాయి.

నువ్వు రోజూ నీకోసం ఎంతసేపు వాయిస్తున్నావు? ఒక్క ఆ లెక్క నాకు చెప్పు.

డల్లాస్_తల్లి

మాస్టారూ, మీ బాధ అర్థమైంది కానీ పాఠాలు చెప్పడం వల్లే సంగీతం పోయిందంటే నేను ఒప్పుకోలేను. వాళ్లు చెప్పకపోతే మా పిల్లలకి ఈ మాత్రం కూడా ఉండదు. రాత్రి తొమ్మిదిదాకా పాఠం చెప్పి, వంట చేసుకుని, ఆ తర్వాత ఫిడేలు తీస్తే కింద ఫ్లాటు వాళ్లు తలుపు కొడతారు. టైము ఎక్కడుంది వాళ్లకి?

సియాటిల్_గాత్రం

నేను హెచ్-4 (హెచ్-1బీ వాళ్ల కుటుంబానికిచ్చే వీసా) మీద వచ్చాను. ఆరేళ్లు వర్క్ పర్మిట్ లేదు, ఫీజు తీసుకోవడానికి వీల్లేదు. పాడటమే చదువుకున్నదాన్ని, ఇంట్లో కూర్చున్నాను. మొదటి ఏడాది అసలు నోరు తెరవలేదు, గోడలు పల్చగా ఉంటాయి, ఎవరైనా ఏమన్నా అంటారేమోనని. రెండో ఏడాది మా బట్టల అలమరలోకి వెళ్లి తలుపు వేసుకుని, కోట్ల మధ్య తంబూరా యాప్ పెట్టుకుని పాడేదాన్ని. పొద్దున నాలుగున్నర నుంచి ఆరుదాకా. పర్మిట్ వచ్చాక ఒకరు నన్ను కచేరీకి పిలిచారు, అప్పుడు పాడగలిగానంటే ఆ అలమర వల్లే.

మాస్టారు అడిగిన లెక్క చాలా ముఖ్యం తమ్ముడూ. పొద్దున్న టైము నీది అని ముందే గీత గీసుకో, ఆ గంటలో ఎవరికీ పాఠం ఇవ్వకు. ఫిడేలుకి మ్యూట్ పెడితే కింది వాళ్లకి వినపడదు.

లండన్_లలితసంగీతం

ఇక్కడి సంగతి కూడా తెలిస్తే ఎవరికైనా పనికొస్తుందని రాస్తున్నాను. బ్రిటన్‌లో చదువు అయ్యాక వచ్చే గ్రాడ్యుయేట్ వీసాలో స్వయం ఉపాధి చేసుకోవచ్చు, పాఠాలకీ కచేరీలకీ ఇబ్బంది లేదు. ఆ తర్వాత గ్లోబల్ టాలెంట్ వీసా ఉంది, సంగీతానికి ఆర్ట్స్ కౌన్సిల్ ఇంగ్లండ్ ఆమోదం కావాలి. నేను ఆ దారిలోనే ఉన్నాను. ఇక్కడా అవే ఉత్తరాలు, అవే పోస్టర్లు. ఎడిసన్ అన్నయ్య రాసిన పేరా మా గ్రూపులో పెట్టాను, పర్లేదు కదా.

ఫిడేలు_విజయనగరం

అందరికీ విడివిడిగా జవాబు రాయలేకపోతున్నాను, క్షమించండి. ఈ మూడు వారాల్లో ఏం జరిగిందో చెబుతాను.

అప్లికేషన్ ఆపేశాను. జూలై నుంచి జాబితా రాస్తే 43 ప్రోగ్రాములు, పాఠాలు కాకుండా. అన్ని చోట్ల వాయించానని నాకే తెలియదు. వాటిలో పోస్టర్ మీద నా పేరున్నవి 9. నిర్వాహకులకి మెయిళ్లు పెట్టాను, ఇప్పటికి 14 మంది ఉత్తరాలు ఇస్తామన్నారు, ఒకాయన ఆ రాత్రే రాసి పంపించారు. లాయర్‌తో అరగంట మాట్లాడాను, అక్క చెప్పమన్నది దాచకుండా చెప్పాను.

మామయ్యకి హెచ్-1బీ సంగతి చెబితే కాసేపు మాట్లాడలేదు. తర్వాత, మరి వడ్డీ సంగతేంటి అన్నారు. ఆయన అడగడం న్యాయమే, కాకినాడ అన్న రాసింది కూడా నా మనసులో ఉంది. డల్లాస్ పిల్లల ఫీజు మొత్తం ఈ నెల నుంచి నాన్నకే పంపుతున్నాను. మొదటిసారి పంపాక నాన్న ఫోన్‌లో, నీకు తిండికి ఉందా అని మూడుసార్లు అడిగారు.

మాస్టారూ, మీరు అడిగిన లెక్క రాయడానికి సిగ్గేసింది. డిసెంబర్‌లో వారానికి రెండు గంటలు కూడా లేదు. ఇప్పుడు పొద్దున ఐదు నుంచి ఆరున్నర. మ్యూట్ పెట్టుకుని వాయిస్తున్నాను. మొదటి నాలుగు రోజులు తోడి రాగం ఆలాపనలో గాంధారం దగ్గరే ఆగిపోయాను, వేలు ఊగుతోంది కానీ స్వరం పలకట్లేదు, మీ శిష్యుడి సంగతి గుర్తొచ్చి భయం వేసింది. ఐదో రోజు గురువుగారికి వీడియోకాల్ చేశాను. ఆయన అక్కడ సాయంత్రం కాఫీ పక్కన పెట్టి, ఫోన్ నీ ఎడమ చేతి దగ్గర పెట్టు అన్నారు. పది నిమిషాలు చూసి, వేలు తొందరపడుతోంది, తీగ మీద ఇంకొంచెం కూర్చోనివ్వు అన్నారు. అంతే. నిన్న పలికింది.

ఫిడేలు రిపేరై వచ్చింది, వేలు పెట్టి తడిమితే తప్ప అతుకు తెలియట్లేదు. మార్చిలో ఒక లైబ్రరీ హాలు దొరికింది, గంటంబావు సోలో. ఎడిసన్ అన్నా, మీరు మృదంగానికి వస్తారా? దారి ఖర్చులు ఇవ్వగలను, పారితోషికం మాత్రం మీరు మామూలుగా తీసుకునేదానిలో సగమే నా దగ్గరుంది.

ఎడిసన్_మృదంగం

తేదీ చెప్పు. పోస్టర్ మీద నీ పేరు పెద్దగా, నాది చిన్నగా వెయ్యి, వెయ్యడం మాత్రం మర్చిపోకు. నీ శ్రుతి ఎంతో రాసి పంపు, ఆ శ్రుతికి సరిపోయేవి రెండు తెస్తాను. వెనక సీట్లో.